ఏడున్నర బస్సుకు ముందు ఐదు బిందెలు

మా పెరటి కొళాయి కింద బిందె పెట్టి, అది నిండేలోపల తొమ్మిదో తరగతికి ఆ రోజు చెప్పాల్సిన పాఠమంతా మనసులో చెప్పేసుకొని, వెనక బెంచీ పిల్లలు వేయబోయే కొంటె ప్రశ్నలకు జవాబులు కూడా సిద్ధం చేసుకొనేదాన్ని. నా తయారీ గొప్పదని చెప్పడం లేదు. నీళ్ళు అంత సన్నగా వచ్చేవని చెప్తున్నాను. పూలు కట్టే దారమంత ధార. గాలి కాస్త గట్టిగా వీస్తే అది కూడా బిందె మూతి తప్పి పక్కన పడేది. సముద్రానికి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఊరు మాది, గాలికేం కొదవ లేదు.

అరవైల మొదట్లో సంగతి. అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. బి.ఏ., ఆ పైన బి.ఇడి. చదివి, ఇంట్లో అందరితో వాదించి, నెల్లూరులో ఒక ఆడపిల్లల హైస్కూల్లో టీచరుగా చేరి ఏడు నెలలైంది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు ఉన్న మా ఊరి నుంచి నెల్లూరుకు పొద్దున ఏడున్నరకు ఒక బస్సు. అది తప్పితే మళ్ళీ పదింటికి. బడి గంట కొట్టేది తొమ్మిదికి. అంటే ఏడున్నర బస్సు తప్పిన రోజు నేను బడికి చేరేసరికి మూడు పీరియడ్లు అయిపోయి ఉండేవి. అలా మూడుసార్లు జరిగింది. మూడుసార్లూ హాజరు పుస్తకంలో నా పేరు ఎదురుగా ఎర్ర సిరా పడింది.

మూడోసారి హెడ్మిస్ట్రెస్ గారు నన్ను గదిలోకి పిలిపించారు. ఆవిడ కోప్పడే మనిషి కాదు. కోప్పడి ఉంటే నేనూ నాలుగు మాటలు అని బయటపడేదాన్ని. ఆవిడ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, చాలా మెల్లగా అన్నారు.

"నువ్వు పాఠం బాగా చెప్తావు. అది నాకు తెలుసు. కానీ నెలాఖరుకు నీ గురించి నేను పైకి రాయాలి. ఈలోపల ఇంకొక్క ఎర్ర గీత పడితే ఖాయం చేయమని రాయలేను. నీ చోటుకు ఇద్దరు కాచుకొని ఉన్నారు."

"కొళాయిలో నీళ్ళు రావడం లేదండీ" అన్నాను.

చెప్పిన మరుక్షణం నాకే సిగ్గేసింది. బి.ఏ. చదివిన మనిషి చెప్పాల్సిన సాకేనా అది? ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. నెలాఖరుకు ఇంకా పద్దెనిమిది రోజులుంది.

కొళాయికీ బస్సుకూ సంబంధం ఏమిటో చెప్పాలి.

మా ఊళ్ళో ఎక్కడ బావి తవ్వినా ఉప్పు నీళ్ళే. వాటితో గిన్నెలు తోముకోవచ్చు, బట్టలు ఉతుక్కోవచ్చు, పప్పు మాత్రం ఉడకదు. తాగే నీళ్ళకు అర మైలు నడిచి ఊరి బయటి మంచినీళ్ళ బావికి పోవాలి. నేను కాపురానికి వచ్చిన తరువాత ఆరేళ్ళు ఆ నీళ్ళు మోశాను. మా ఇంట్లో మడి. వంటకూ దేవుడికీ తాగడానికీ ఐదు బిందెల నీళ్ళు, తలస్నానం చేసి, ఎవరూ తాకని ఆరిన చీర కట్టుకొని, దారిలో ఎవరికీ తగలకుండా తేవాలి. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. మా ఆయన కృష్ణపట్నంలో ఉప్పు కొఠార్ల దగ్గర గుమాస్తా, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లవారకముందే సైకిలెక్కి పోయే మనిషి. ఇక మిగిలింది నేను.

పంచాయతీ వాళ్ళు బస్సు ఆగే చోట ట్యాంకు కట్టి, రెండు వీధులకు పైపులు వేసినప్పుడు, మన పెరట్లోనూ కొళాయి పెట్టించాల్సిందేనని నేను పట్టుబట్టాను. అత్తగారితో పది రోజులు వాదించి గెలిచాను. వేసవి సెలవుల తరువాత ఉద్యోగం అన్నప్పుడు ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే.

"మడి నీళ్ళు ఐదు బిందెలు నింపి ఎక్కడికైనా పో. నింపకుండా మాత్రం గడప దాటబాక."

సరేనన్నాను. అప్పట్లో కొళాయి విప్పితే మూడు నిమిషాల్లో బిందె నిండేది. ఆరింటికి నీళ్ళు వదిలితే ఆరున్నర లోపల ఐదు బిందెలూ వంటింట్లో ఉండేవి. దసరా దాటిన తరువాత ధార సన్నబడింది. కార్తీకానికి ఇంకా సన్నబడింది. సంక్రాంతి అయ్యేసరికి ఒక బిందెకు పదిహేను నిమిషాలు. ఐదో బిందె నిండకుండానే బస్సు హారన్ వినపడేది.

పద్దెనిమిది రోజుల్లో కొళాయి సంగతి తేల్చాలని బడి నుంచి వస్తూ బస్సులోనే తీర్మానించుకున్నాను.

దిగగానే ట్యాంకు దగ్గరికి పోయాను. పంచాయతీ ఫిట్టరు అక్కడే ఉన్నాడు. ట్యాంకు నింపడం, వీధులకు నీళ్ళు వదలడం, పైపులు బాగుచేయడం అన్నీ అతనే. నలభై దాటిన మనిషి, నిదానస్థుడు, ఊళ్ళో ఉన్న నాలుగు క్రైస్తవ కుటుంబాల్లో అతనిదొకటి. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, టీ అంగడి దగ్గర కూర్చున్నవాళ్ళు, ఒక పదిహేను మంది ఉంటారు. నేను గొంతేమీ తగ్గించలేదు.

"ఏమయ్యా, మా వీధికి నీళ్ళు సగం తిప్పి సగం ఆపుతున్నావా? ఎవరికి మిగులుస్తున్నావు?"

"అట్టనబాకండమ్మా. రెండు వీధులకూ పూర్తిగానే తిప్పతా ఉండా."

"పూర్తిగా తిప్పితే మా కొళాయి ఎందుకు ఏడుస్తుంది?"

"ట్యాంకు నిండుగా ఉండాది. కావాలంటే నిచ్చెనెక్కి చూసుకోండి."

"నేను నిచ్చెనలెక్కను. పిటిషను రాస్తాను. నీ ఉద్యోగం పోతే తెలుస్తుంది నీళ్ళు ఆపితే ఏమవుతుందో!"

టీ అంగడి దగ్గర ఎవరో నవ్వారు. ఫిట్టరు మొహం చిన్నబోయింది. ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. చివరికి ఒకే మాట అన్నాడు.

"మీ ఎదురింట్లో ఎట్టా వస్తా ఉండాయో చూడండమ్మా. ఆ మీదట నన్ను తిట్టండి."

తిట్టించుకోవడానికి అంత ధైర్యంగా గడువు పెట్టిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. రెండు రోజులాగి, సెలవు రోజు పొద్దున ఎదురింటికి పోయాను. ఆ ఇంటావిడ నాకన్నా పదేళ్ళు పెద్ద. రైతు కుటుంబం, పెద్ద నోరు, పెద్ద మనసు. ఆమె కొళాయి గుంటలో ఉందని, ధార కోసం వాళ్ళు పైపును దించేసి మా నీళ్ళు కూడా లాగేస్తున్నారని నాకు గట్టి అనుమానం. చేతిగడియారం పెట్టుకొని పోయాను.

"ఏంది టీచరమ్మా, పొద్దున్నే మా ఇంటికి పరీక్షలు పెట్టే దానికి వచ్చినావా?"

"మీ కొళాయికి పెట్టేదానికొచ్చినానక్కా."

"పెట్టు, పెట్టు. తప్పితే మళ్ళీ ఒకటో తరగతిలో కూచోబెట్టు."

గుంటా లేదు, గొయ్యీ లేదు. ఆమె కొళాయి మా కొళాయి అంత ఎత్తులోనే ఉంది. బిందె పెట్టి గడియారం చూశాను. రెండు నిమిషాల నలభై సెకన్లు. నీళ్ళు బిందె అడుగున పడ్డ చప్పుడుకు నా కడుపు మండిపోయింది.

"ఏమ్మా, పాసయినట్టేనా?" అంది ఆమె.

"ఫస్టు క్లాసక్కా" అన్నాను.

"మరి మొన్న బస్టాండులో ఆ పెద్దమనిషిని ఊరికే కడిగేసినావంటనే! పాపం, దిగాలు పడిపోయి మా ఆయనతో చెప్పుకున్నాడంట."

గడియారం చూసుకుంటూ వీధి దాటి వచ్చేశాను. ట్యాంకులో లోపం లేదు, వీధి పైపులో లోపం లేదు, ఎదురింట్లో లోపం లేదు. ఇక మిగిలింది మా పెరడే. వాదనల్లో ఇలా ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోయి చివరికి మన ఇంటి గుమ్మంలోనే ఆగడం నాకు అంతకుముందు అలవాటు లేదు.

ఆ సాయంత్రమే మళ్ళీ ఫిట్టరు దగ్గరికి పోయాను. ఈసారి గొంతు తగ్గించాను, క్షమాపణ అయితే ఇంకా నోటికి రాలేదు.

"లోపం మా కొళాయిలోనే ఉన్నట్టుంది. వచ్చి ఒకసారి విప్పి చూడు."

అతను తల గోక్కున్నాడు. ట్యాంకు వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు.

"నేను విప్పకూడదమ్మా."

"విప్పకూడదా? మరి నీ పనేమిటి?"

"మిగతా వాళ్ళయితే విప్పతా. మీది మీరే విప్పుకోండి. కష్టమేం కాదు, నేను చెప్తా."

"ఆదివారం మా ఆయన ఇంట్లో ఉంటారు. అప్పుడు రా."

"ఆదివారం ప్రార్థనకు పోవాల. వేరే రోజయినా నేను విప్పనమ్మా. అడగబాకండి."

నేను తిట్టినందుకు అలిగాడనుకున్నాను. కానీ అలిగిన మనిషి అంత ఓపికగా నేర్పడు. నేల మీద పుల్లతో బొమ్మ గీసి చూపించాడు. పిడి కింద ఉన్న మెడను పానాతో పట్టుకొని ఎడమ వైపు తిప్పాలి. మెడ ఊడితే కాడ బయటికొస్తుంది. కాడ కింద ఒక ఇత్తడి బిళ్ళ, దానికి అడుగున వాషరు. కొళాయి తిప్పితే ఆ బిళ్ళ పైకి లేచి నీళ్ళకు దారి ఇస్తుంది. మధ్యాహ్నం పైపులో నీళ్ళుండవు కాబట్టి అప్పుడే విప్పాలి. అంతా చెప్పి, తన పానా నా చేతిలో పెట్టాడు. దాంతోపాటు కాగితంలో చుట్టిన నల్లటి ముక్క ఒకటి ఇచ్చాడు.

"ఇది లారీ ట్యూబు ముక్క. కొత్తది, మందంగా ఉంటాది. పనికొస్తే కోసుకోండి. అక్కర్లేకపోతే పారేయండి."

ఎందుకని అడిగితే చెప్పలేదు.

మా అత్తగారి సంగతి ఇంకా వింతగా ఉంది. పానా చూడగానే ఆవిడకు కోపం రావాలి, ఎవరు ముట్టుకున్న ఇనుమో అని నన్ను పెరట్లోనే నిలబెట్టాలి. అలాంటిదేమీ చేయలేదు. మెత్తబడ్డారు. నాకు ఆవిడ మెత్తదనం అంటే భయం.

"ఎందుకే అమ్మాయ్, ఉన్నదాన్ని కదిలించడం? వచ్చినన్ని నీళ్ళు వస్తా ఉన్నాయి గదా."

"వచ్చినన్ని చాలడం లేదత్తయ్యా."

"ఆదివారం అమావాస్య. ఇనుము పట్టుకోకూడదు."

"అమావాస్య మంగళవారం. నేను చూశాను."

"విరిగిపోతే?"

"విరిగితే కొత్తది పెట్టిద్దాం."

శనివారం వచ్చిన మా ఆయనకు చెప్తే, "రెండు వారాలు ఆగు, నెల్లూరు నుంచి ఎవరినన్నా పిలిపిద్దాం" అన్నారు. రెండు వారాలకు నెలాఖరు వస్తుంది. ఈలోపల ఇంకొక్కసారి బస్సు తప్పితే బడి ఉండదు, నేనుంటాను, ఈ కొళాయీ ఉంటుంది, రోజంతా తీరిగ్గా దాని కింద బిందె పెట్టుకొని కూర్చోవచ్చు. ఆ మాట ఆయనతో అన్నాను. ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి చీర కుచ్చెళ్ళు దోపుకొని పెరట్లోకి దిగాను. అత్తగారు వంటింటి గుమ్మంలో చేట ముందేసుకొని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. ఏరిన బియ్యమే మళ్ళీ మళ్ళీ ఏరుతున్నారని తరువాత తట్టింది.

మెడ ఒకంతట కదల్లేదు. ఉప్పు గాలికి తుప్పు పట్టి బిగుసుకుపోయింది. పానా రెండుసార్లు జారి నా బొటనవేలు చిట్లింది. ఆముదం పోసి పావుగంట ఆగాను. తరువాత పానా పిడికి రోకలి ఆనించి, రోకలి చివర నా బరువంతా వేశాను. కిర్రుమని కదిలింది. ఆ చప్పుడంత తియ్యటి చప్పుడు నా పెళ్ళి మేళంలో కూడా వినలేదు.

కాడ బయటికి లాగాను. ఇత్తడి బిళ్ళ వచ్చింది. దాని అడుగున వాషరు ఉండాల్సిన చోట ఒక గుడ్డ ఉండ ఉంది. నాలుగైదు మడతలు వేసి, గుండ్రంగా కత్తిరించి, అంచు చుట్టూ సన్నటి కుట్లు వేసి, బిళ్ళకు దారంతో కట్టేసి ఉంది. నీళ్ళకు నాని రెండింతలు ఉబ్బింది. పోగులు ఊడి, వాటికి ఇసుకా తుప్పూ పట్టి, కొళాయి గొంతుకు బిరడా అయి కూర్చుంది. ఇక నీళ్ళెక్కడ వస్తాయి? ఇన్నాళ్ళూ ఆ దారమంత ధార వచ్చిందే గొప్ప.

మడత విప్పి చూశాను. లోపలి పొరలో రంగు ఇంకా చెడలేదు. వక్కపొడి రంగు పట్టు. ఆ చీర నాకు తెలుసు. మా అత్తగారు పూజకు కట్టుకొనేది, చిరుగులు పట్టి పెట్టెలోకి పోయింది.

గుమ్మం దగ్గరికి పోయి అరచేతిలో పెట్టి చూపించాను.

"అత్తయ్యా, ఇదేమిటి?"

"తెలిసే అడుగుతున్నావు గదా. నా పట్టుచీర ముక్క."

"పెట్టెలో నుంచి నడిచి కొళాయిలోకి పోయిందా?"

"నేనే పెట్టించినా. నువ్వు బడికి పోయినప్పుడు ఫిట్టరును పిలిపించినా. ముక్క బండ మీద పెట్టి నేను దూరం జరిగినా, అతను తీసుకొని బిగించినాడు. ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నా. ఒట్టు పెట్టమంటే మాలో ఒట్లు పెట్టుకోకూడదు, మాట ఇస్తే ఒట్టు కిందే లెక్కన్నాడు."

విప్పనంటే విప్పనని అతను ఎందుకు మొండికేశాడో అప్పుడు అర్థమైంది. పదిహేను మంది ముందు నేను అతని ఉద్యోగం పీకిస్తానంటుంటే, మా ఇంటి గుట్టు నోట్లో పెట్టుకొని నిలబడ్డాడన్నమాట.

"ఎందుకు పెట్టించారు?"

"దసరాకు వచ్చిన పురోహితుడు చెప్పినాడు, కొళాయిల్లో తోలు బిళ్ళ ఉంటుందని. తోలు! మూడు నెల్ల నుంచి ఆ నీళ్ళతో దేవుడికి నైవేద్యం పెడతా ఉన్నా. ఆ పూట నాకు అన్నం దిగలా."

"నాతో చెప్పొచ్చుగా."

"చెప్తే ఏం చేస్తావు? చాపేసుకొని కూర్చొని నాకు ఉపన్యాసం ఇస్తావు. చదువుకున్నదానివి, నేను నీతో గెలవలేను." చేటలో బియ్యం ఒకసారి చెరిగి, నా వైపు చూడకుండా అన్నారు. "కొళాయి తీయించేద్దామంటే నువ్వు మళ్ళీ అర మైలు మోయాల. ఆరేళ్ళు మోసినావు. రెండో కానుపులోనూ బిడ్డ దక్కకపోయిన తరువాత కూడా మోసినావు. అది నేను చూసినా. తీయించనూ లేక, ఉంచనూ లేక, ఆలోచన చేసి ఇట్టా చేసినా. పట్టుకు అంటు లేదు గదా. నీ కొళాయి నీకుంటుంది, నా మడి నాకుంటుంది."

నాకు ఒక్క మాట కూడా రాలేదు. మా ఇంట్లో అది పండగ చేసుకోవాల్సినంత సంగతి. కానీ ఎంతోసేపు ఊరుకునే మనిషిని కాను.

"సరే. నీళ్ళు తగ్గుతున్నాయని తెలిసీ నోరు విప్పలేదేం? నేను బస్సు తప్పి ఏడుస్తుంటే చూస్తూ కూర్చున్నారే?"

"నీ ఉద్యోగం నాలుగు నెల్ల ముచ్చట అనుకున్నా. విసుగొచ్చి నువ్వే మానుకుంటావనుకున్నా."

"మానుకోను."

"అది నువ్వు రోకలెక్కి ఊగుతా ఉంటే తెలిసింది."

పేపరు వెనక నుంచి మా ఆయన నవ్వు వినపడింది. ఇద్దరం ఒకేసారి అటు తిరిగి చూశాం. నవ్వు ఆగిపోయింది.

ఇక కాగితంలోని నల్లముక్క తీశాను. తోలూ వద్దు, పట్టూ వద్దు, ఇది రబ్బరు అన్నాను. రబ్బరంటే ఏమిటన్నారు. చెట్టుకు గాటు పెడితే కారే పాలన్నాను. ఏ చెట్టన్నారు. మలయాళ దేశంలో పెరుగుతుందన్నాను. పాలయితే ఫరవాలేదన్నారు. ఇది దేనికి వాడతారన్నారు. అక్కడ ఒక్క క్షణం తడబడ్డాను, అబద్ధమాడడం ఇష్టం లేక.

"లారీ ట్యూబు."

"చక్రానిదా! ఎన్ని రోడ్లు తొక్కిందో, ఏమేమి తొక్కిందో!"

"తొక్కేది టైరు అత్తయ్యా. ట్యూబు దాని లోపల ఉంటుంది. బయటి గాలి కూడా తగలదు. నిజానికి మీకన్నా, నాకన్నా అదే ఎక్కువ మడిగా ఉంటుంది. అందులోనూ ఇది కొత్తది, ఇంకా ఏ లారీ ఎక్కలేదు."

ఆవిడ ముందుకు వంగి నల్లముక్కను ఎగాదిగా చూశారు. నేను కళాశాలలో చర్చాపోటీలకు పోయేదాన్ని, న్యాయనిర్ణేతల మొహాలు చూస్తూ నిలబడడం నాకు అలవాటే. ఈ మొహం మాత్రం నాకు ఎప్పుడూ చదవడానికి రాదు.

"పసుపు నీళ్ళలో మూడుసార్లు కడుగు" అన్నారు చివరికి.

మా ఆయన గడ్డం గీసుకొనే బ్లేడుతో, ఇత్తడి బిళ్ళను కొలతగా పెట్టి, రెండు వాషర్లు కోశాను. మొదటిది వంకరపోయింది, రెండోది కుదిరింది. పసుపు నీళ్ళలో మూడుసార్లు కడిగాను, ఆవిడ లెక్కపెట్టారు. కొళాయి గొంతులో ఇరుక్కున్న ఇసుకంతా పుల్లతో గీకి తీశాను. బిళ్ళకు వాషరు బిగించి, కాడ దించి, మెడ తిప్పి బిగించాను. పైపులో నీళ్ళు లేవు కాబట్టి సరిగ్గా కుదిరిందో లేదో మర్నాడు పొద్దున వరకు తెలిసే వీల్లేదు.

సోమవారం ఆరింటికి తలస్నానం చేసి, మడి చీర కట్టుకొని, బిందెలు వరసగా పెట్టుకొని నిలబడ్డాను. ఆరున్నర అయింది. కొళాయి ఉలకలేదు. ఊరికి కరెంటు లేట్‌గా వచ్చి ట్యాంకు అప్పుడే నిండుతోందని ఎదురింటావిడ గోడ మీదుగా అరిచి చెప్పింది. ఏడుకు పది నిమిషాలుందనగా కొళాయి దగ్గింది. గాలి బుస్సుమంది. ఆ వెంటనే నీళ్ళు దూకాయి. బిందె అడుగున పడ్డ దెబ్బకు బిందె ఇటూ అటూ ఊగింది. నేను గట్టిగా కేక వేసినట్టు గుర్తు.

కేక పూర్తి కాకముందే మెడ దగ్గర నుంచి పిచికారీ కొట్టినట్టు నీళ్ళు చిమ్మడం మొదలైంది. సరిగ్గా బిగించలేదు. సగం నీళ్ళు బిందెలో, సగం గోడ మీద. మరో అర తిప్పు తిప్పితే సరిపోతుంది. పానా పక్కనే బండ మీద ఉంది. కానీ దాన్ని ముట్టుకుంటే నా మడి పోతుంది. మళ్ళీ స్నానం, మళ్ళీ ఆరిన చీర తీసి కట్టుకోవడం, ఇరవై నిమిషాలు. ఏడుంబావుకు ఇంట్లో నుంచి కదిలితేనే బస్సు. ఆ ఎర్ర గీత నాకు కళ్ళ ముందు కనపడింది. చెయ్యి చాచి పానా అందుకోబోయాను. ఏదైతే అదైంది, మడి లేని నీళ్ళే తాగుతారు, లేదా నాతో మాట్లాడడం మానేస్తారు అనుకున్నాను.

"ఆగు!" అన్నారు అత్తగారు.

మోకాళ్ళు పట్టుకుంటూ గుమ్మం దిగారు. ఆవిడ కూడా మడిలోనే ఉన్నారు. బండ దగ్గరికి వచ్చి, ఎవరెవరో ముట్టుకున్న ఆ ఇనుప పానాను రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నారు.

"ఎటు తిప్పాల?"

"కుడి వైపు. అత్తయ్యా, మీ మడి..."

"నేను మళ్ళీ మునిగి వస్తా. నాకేం బస్సు లేదు. నువ్వు బిందె చూసుకో, పొర్లిపోతోంది."

ఆవిడకు బలం చాల్లేదు. నీళ్ళు మొహాన కొడుతుంటే కళ్ళు మూసుకొని, పళ్ళు బిగించి తిప్పారు. పానా జారింది. తిట్టుకున్నారు. ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదలు, రాయను. మళ్ళీ పట్టించి, ఈసారి తన బరువంతా వేశారు. చిమ్మడం ఆగిపోయింది. తల నుంచి పాదాల వరకు తడిసి, పానా పట్టుకొని, అలాగే నిలబడ్డారు.

"నీకోసం చేసినానని ఎక్కడా చెప్పుకోబాక" అన్నారు. "మంచినీళ్ళు గోడ పాలవుతుంటే చూడలేక చేసినా."

ఐదో బిందె వంటింట్లో దించేసరికి ఏడూ పది. చీర మార్చుకొని, పానా చంకలో పెట్టుకొని పరుగెత్తాను. బస్సు ఆగేచోట మామూలు జనం ఉన్నారు, టీ అంగడి దగ్గరా ఉన్నారు. ఫిట్టరు ట్యాంకు కింద నిలబడి ఉన్నాడు. పదిహేను మందిలో అన్న మాటకు సందులో జవాబు చెప్పడం పద్ధతి కాదని నా ఉద్దేశం. గొంతు తగ్గించలేదు.

"ఏమయ్యా, తప్పు నాది. నీళ్ళు నువ్వు సరిగ్గానే వదులుతున్నావు. లోపం మా కొళాయిలోనే ఉంది. నలుగురిలో నిన్ను అన్నందుకు నలుగురిలోనే చెప్తున్నాను."

టీ అంగడి దగ్గర ఈసారి ఎవరూ నవ్వలేదు. అతను పానా తీసుకొని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పెద్దమ్మ ఏమన్నారు?" అని మాత్రం మెల్లగా అడిగాడు.

"నువ్వు చెప్పలేదని తెలుసు ఆవిడకు."

అతని మొహం తేటబడింది. ఇంకేదో అడగబోయాడుగానీ బస్సు వచ్చేసింది.

నెల్లూరులో దిగి, నడిచి, హాజరు పుస్తకంలో సంతకం చేసేసరికి తొమ్మిదికి పన్నెండు నిమిషాలుంది. నల్ల సిరా. హెడ్మిస్ట్రెస్ గారు నా చిట్లిన బొటనవేలి కట్టు చూసి, "ఏమైంది?" అన్నారు. "కొళాయి బాగైందండీ" అన్నాను. నెలాఖరు వరకు ఒక్కరోజు కూడా బస్సు తప్పలేదు. ఆవిడ పైకి రాశారు, నన్ను ఖాయం చేశారు. ఆ తరువాతి నెలలో ఒక రోజు మళ్ళీ ఎర్ర గీత పడింది, దారిలో బస్సు చక్రం పేలినందుకు. అప్పటికి ఉద్యోగం నాది కాబట్టి, రోడ్డు మీద నిలబడి కండక్టరుతో తీరిగ్గా పోట్లాడాను.